చెక్కిన జేడ్‌కు మెరుపు: తడి రాయిని నమ్మకండి

చెక్కడం పూర్తయిన జేడ్ ముక్కను పట్టుకొచ్చి "మెరుపు రావట్లేదండి, ఏ పేస్టు కొనాలి?" అని అడిగేవాళ్లకు నేను ముందు ఒక పొడి గుడ్డ ఇస్తాను. ముక్కను తుడిచి, రెండు నిమిషాలు ఆరనిచ్చి, కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడమంటాను. చాలామందికి జవాబు అక్కడే దొరుకుతుంది. రాయి నిండా ముతక గరుకు కాగితం గీతలు ఉంటాయి. పేస్టు తప్పేమీ ఉండదు.

తడిగా ఉన్నంతసేపు ఏ రాయైనా నున్నగానే కనిపిస్తుంది. నీళ్లు గీతల్లోకి చేరి వాటిని కప్పేస్తాయి. మనం "అబ్బ, వచ్చేసింది" అనుకుని పై నంబరు (ఇంకా సన్న గరుకు) కాగితానికి వెళ్లిపోతాం. అక్కడ మొదలైన తప్పు చివరిదాకా వెంట వస్తుంది. కింద చెప్పే పద్ధతి మొత్తం ఆ తప్పు జరగకుండా చూసుకోవడమే.

ఉదాహరణకు నేను చెక్కిన పులస చేప లాకెట్ తీసుకుందాం. నెఫ్రైట్ రాయి, 5 సెం.మీ. పొడవు. ఒంటి మీద పొలుసులు, కడుపు కింద రెక్క, తోక దగ్గర దారానికి చిల్లు. ఈ పనిలో ఎదురయ్యే ఇబ్బందులన్నీ ఆ ఒక్క చేపలోనే ఉన్నాయి.

1. ముందు రాయి ఏదో తేల్చుకోండి

నెఫ్రైట్, జేడైట్ అని రెండు వేర్వేరు రాళ్లున్నాయి. రెండింటినీ జేడ్ అనే అంటారు. మోస్ కొలతలో నెఫ్రైట్ గట్టిదనం 6 నుంచి 6.5, జేడైట్‌ది 6.5 నుంచి 7. నెఫ్రైట్ లోపల కంటికి కనిపించనంత సన్నటి పీచులు పీచుతాడులా పెనవేసుకుని ఉంటాయి. జేడైట్ మాత్రం నువ్వుల ఉండలా గింజ గింజగా ఉంటుంది. పాలిష్ దగ్గర రెండూ ఒకేలా ప్రవర్తించవు.

గొడవంతా మూడో రకంతో. "కొత్త జేడ్" పేరుతో అమ్మేది చాలాసార్లు సర్పెంటైన్ అనే మెత్తటి రాయి. "ఇండియన్ జేడ్" అంటే ఆకుపచ్చ అవెంచురిన్, అంటే క్వార్ట్జ్. వీటిని పాలిష్ చేయకూడదని కాదు, కానీ జేడ్ లెక్కలు వీటికి పనికిరావు.

తేల్చుకోవడానికి బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ తూకం చాలు.

☐ పొడి రాయిని తూచి బరువు రాసుకోండి.
☐ తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చుకోండి.
☐ రాయిని దారానికి కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. గ్లాసు అడుగుకి గాని, పక్కలకి గాని తగలకూడదు.
☐ ఇప్పుడు తూకం చూపే అంకెతో మొదటి బరువును భాగించండి.

నా చేప 29.5 గ్రాములు తూగింది. నీళ్లలో వేలాడదీస్తే తూకం 10.0 చూపించింది. అంటే 2.95. నెఫ్రైట్ సుమారు అంతే ఉంటుంది. జేడైట్ అయితే 3.3 చుట్టూ వస్తుంది. 2.6 చుట్టూ వచ్చిందంటే సర్పెంటైనో, క్వార్ట్జో అయి ఉండొచ్చు. చాకు మొనతో వెనకవైపు ఒక మూల గీస్తే, గీత పడేది సర్పెంటైన్.

ఒకావిడ తన నాయనమ్మ రంగం (బర్మా) నుంచి తెచ్చిన జేడ్ అని ఒక లాకెట్ తెచ్చారు. తూస్తే 2.6 వచ్చింది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, చెప్పక తప్పలేదు. ఆవిడ మాత్రం "ఏదైతేనేమండి, నాయనమ్మదేగా" అన్నారు. ఇంకో సంగతి: కొన్ని జేడైట్ రాళ్లను రసాయనాలతో తెల్లబరిచి లోపల రెసిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) ఎక్కించి అమ్ముతారు. పాత వస్తువుల్లో ఆ ప్రమాదం తక్కువే. కొత్తగా కొన్న జేడైట్‌కు మాత్రం ఉంది. అలా రెసిన్ ఎక్కించినదాన్ని బి రకం అంటారు. అలాంటిదాన్ని వేడి చేస్తే రెసిన్ పాడవుతుంది. అనుమానం ఉంటే 9వ మెట్టులో వేడి పెట్టకండి.

2. బల్ల, నీళ్లు, ఊపిరి

జేడ్‌ను పొడిగా రుద్దకూడదు. ఇందులో మినహాయింపు లేదు. నెఫ్రైట్ పీచులు ట్రెమొలైట్, ఆక్టినొలైట్ అనే ఖనిజాలవి. ఆస్బెస్టాస్ రకాల్లో ఈ రెండు పేర్లూ ఉన్నాయి. రాయి చేతిలో ఉంటే ఏమీ కాదు, దాని దుమ్ము పీల్చడమే ప్రమాదం. కాబట్టి ఎప్పుడూ నీళ్లతోనే రుద్దండి. ముక్కుకు పి100 రకం ఫిల్టర్ మాస్కు పెట్టుకోండి.

తడి బురద ఆరితే మళ్లీ దుమ్మే. అందుకే పని బల్ల మీద సీలింగ్ ఫ్యాను వద్దు. మే నెలలో మన డెల్టాలో ఫ్యాను కట్టేసి కూర్చోమంటే తిట్టుకుంటారని తెలుసు. నేను తెల్లారగట్ల ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదికల్లా లేచిపోతాను. పని అయ్యాక బల్లను చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. బురద నీళ్లను బకెట్లో తేరనిచ్చి, అడుగున మిగిలిన ముద్దను తడిగానే కవర్లో కట్టి పారేయండి. కాలవలో పొయ్యొద్దు.

ఇక నీళ్లు. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చే రోజుల్లో కాలవ నీళ్లు, సరిగా వడకట్టని కుళాయి నీళ్లు ఈ పనికి వాడకండి. ఒండ్రులో సన్నటి ఇసుక ఉంటుంది. ఇసుక అంటే క్వార్ట్జ్, దాని గట్టిదనం 7. నెఫ్రైట్ కంటే ఎక్కువ. మూడు రోజుల కష్టం మీద ఒక్క ఇసుక రేణువు గీత పెట్టేస్తుంది. ఉప్పు బోరు నీళ్లు ఆరాక తెల్ల మరక వదులుతాయి, అది గీతో మరకో తెలియక తికమక పడతారు. వాటర్ టిన్ ఒకటి కొనుక్కుంటే ఒక బొమ్మకు సరిపోయి ఇంకా మిగులుతుంది.

3. సామాను

☐ వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం): 220, 400, 600, 1200
☐ నీళ్లలో కరిగే డైమండ్ పేస్టు: 6, 3, 1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు)
☐ క్రోమ్ ఆక్సైడ్ ఆకుపచ్చ పొడి (నెఫ్రైట్‌కు)
☐ గట్టి తోలు ముక్కలు, చెప్పులు కుట్టే చోట దొరుకుతాయి
☐ వెదురు పుల్లలు, కొబ్బరి ఈనెలు, నూలు దారం
☐ నంబరుకొకటి చొప్పున పాత టూత్‌బ్రష్‌లు
☐ పర్మనెంట్ మార్కర్, 10 రెట్ల భూతద్దం, చిన్న టార్చి
☐ తేనె మైనం

వాటర్ పేపర్ కొనేటప్పుడు వెనక వైపు చూడండి. అంకె ముందు "పి" అక్షరం ఉంటే అది వేరే కొలత. పి1200 కాగితం దాదాపు "పి" లేని 600కు సమానం, రెండింటి రేణువూ సుమారు 15, 16 మైక్రాన్లు. కొన్ని "పి" ఉన్నవి, కొన్ని లేనివి కలిపి కొంటే నంబరు పెరుగుతున్నా నునుపు పెరగదు. ఏదో ఒక రకానికే కట్టుబడండి. నేనిక్కడ చెప్పే నంబర్లు "పి" లేనివి. మీ దగ్గర "పి" ఉన్నవే దొరికితే పి220, పి400, పి800, పి1200, పి2500 వరుసలో వెళ్లండి.

డైమండ్ పేస్టు నూనె రకం కొంటే ప్రతిసారీ కిరసనాయిలుతో కడగాలి. నీళ్లలో కరిగేదే కొనండి.

మైక్రో మోటార్ (చేత్తో పట్టుకునే చిన్న మోటారు) ఉంటే పని తొందరగా అవుతుంది గానీ తప్పనిసరి కాదు. వాడితే వైరు చేతి మీదుగా నేరుగా ప్లగ్గుకు పోకుండా, మధ్యలో కిందికి వేలాడేలా వదలండి. అప్పుడు జారిన నీళ్లు ప్లగ్గు దాకా పోకుండా అక్కడే కారిపోతాయి. ఆ బోర్డుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో చూసుకోండి.

4. అసలు పని 220 దగ్గరే

చెక్కిన ముక్క మీద డైమండ్ బర్ (మోటారుకు బిగించి చెక్కే మొన) వదిలిన చిన్న చిన్న గుంటలు, గట్లు ఉంటాయి. వేలితో తడిమితే తెలియవు, మార్కర్ పూస్తే తెలుస్తాయి. రాయి మొత్తం మార్కర్ పూసి ఆరనివ్వండి.

కాగితాన్ని చిన్న చెక్క ముక్కకో, పెన్సిల్ రబ్బరుకో చుట్టి, నీళ్లలో ముంచి, ఒకే దిశలో రుద్దండి. నా చేపకైతే తల నుంచి తోకకు. గట్ల మీద రంగు ముందు పోతుంది, గుంటల్లో నల్ల చుక్కలు మిగులుతాయి. ఆ చుక్కలు పోయేదాకా రుద్దుతూనే ఉండాలి.

ఇక్కడ అందరికీ ఒక దుర్బుద్ధి పుడుతుంది. మొత్తం పోయింది, ఒక్క చోట నల్ల చుక్క మిగిలింది కదా అని వేలితో అక్కడే రుద్దుతారు. చుక్క పోతుంది. దాని చోట చిన్న లోయ పడుతుంది. పాలిష్ అయ్యాక అందులో వెలుగు వంకరపోతుంది, తక్కువ రకం అద్దంలో ముఖం చూసుకున్నట్టు. చుక్క లోతుగా ఉంటే రెండే దారులు. చుట్టూ ఉన్న భాగాన్నంతా సమానంగా కిందికి దించాలి. లేదా సన్న డైమండ్ బర్‌తో ఆ చోటును మళ్లీ తీర్చి, 220 మొదటినుంచి చేయాలి.

బలంగా నొక్కకండి, కాగితం ఎప్పటికప్పుడు మార్చండి. అరిగిన 220తో గంట రుద్దేకన్నా కొత్తదానితో పది నిమిషాలు రుద్దడం మేలు. రెక్క అంచు, నోటి గీత లాంటి పదునైన చోట్ల కాగితాన్ని అంచు నుంచి లోపలికి లాగండి, అంచు మీదుగా బయటికి జారనివ్వకండి. అలా జారితే అంచు సబ్బు బిళ్లలా అరిగిపోతుంది.

నా పులసకు 220 ఒక్కదానికే మూడు పొద్దుళ్లు పట్టింది. మిగతా నంబర్లన్నీ కలిపి రెండు.

పూర్తయిందో లేదో చూసుకోవడం:

☐ కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.
☐ లైటు ఆర్పి, టార్చిని రాయికి దాదాపు సమాంతరంగా పక్కనుంచి వేయండి.
☐ భూతద్దంలో అన్ని గీతలూ ఒకే లోతులో, ఒకే దిశలో కనిపించాలి.
☐ అడ్డంగా పోయే గీత గాని, గుండ్రటి గుంట గాని ఒక్కటి కనిపించినా ఇంకా 220 అవలేదు.

5. 400, 600, 1200

220 సరిగ్గా చేస్తే ఇది తేలిక. ప్రతి నంబరుకూ దిశ మార్చండి. తల నుంచి తోకకు 220 రుద్దితే, వెన్ను నుంచి కడుపుకు 400, మళ్లీ తల నుంచి తోకకు 600. పాత గీతలు కొత్తవాటికి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఎన్ని మిగిలాయో ఇట్టే కనిపిస్తాయి.

నంబరు మారినప్పుడల్లా ఇవి చేయాలి:

☐ నీళ్ల గిన్నె ఖాళీ చేసి, కడిగి, కొత్త నీళ్లు పోయాలి.
☐ రాయిని సబ్బుతో, ఆ నంబరు బ్రష్‌తో రుద్ది కడగాలి.
☐ చేతులు, ముఖ్యంగా గోళ్ల సందులు, కడుక్కోవాలి.
☐ బల్ల మీద పాత పేపరు తీసి కొత్తది పరచాలి.

గోళ్లంటే నవ్వకండి. 220 రేణువు ఒకటి గోటి కింద దాక్కుని 1200 దగ్గర బయటపడిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

600 దగ్గర, ఆరిన రాయి మీద కిటికీ మసగ్గా కనిపించడం మొదలవుతుంది. 1200 అయ్యేసరికి ఊచలు విడివిడిగా లెక్కపెట్టగలగాలి. లెక్కపెట్టలేకపోతే పేస్టు మూత తీయకండి. 1200 చివర్లో కాగితం బాగా అరిగాక కూడా కాసేపు అదే కాగితంతో తేలిగ్గా రుద్దండి. 220కి చెప్పినదానికి ఇది ఉల్టా, కానీ అరిగిన సన్న కాగితం రాయిని పాలిష్‌కు బాగా సిద్ధం చేస్తుంది.

6. పొలుసులు, సందులు, చిల్లు

లోపలి చోట్లు ముందు, పైభాగం తర్వాత. ప్రతి నంబరులోనూ ఇదే వరుస. సందులో పని చేసేటప్పుడు పుల్ల తప్పనిసరిగా జారుతుంది, జారి పక్కన గీత పెడుతుంది. పైభాగం తర్వాత రుద్దితే ఆ గీతలు దానితోపాటే పోతాయి.

వెదురు పుల్లను ఉలి మొనలా చెక్కి, అరగంట నీళ్లలో నానబెట్టండి. సందు వెడల్పుకు సరిపోయేలా మొన తీర్చండి. సందు వెడల్పుగా ఉంటే మొనకు వాటర్ పేపర్ ముక్క అంటించండి. ఇరుకైతే సిలికాన్ కార్బైడ్ పొడి కొని, దాన్ని నీళ్లతో కలిపి మొనకు రాయండి. పాలిష్ దశలో డైమండ్ పేస్టు వాడాలి. వెదురు పీచులో పొడి పట్టుకుని నిలుస్తుంది, పుల్ల మెత్తగా ఉంటుంది కాబట్టి రాయి అంచు విరగదు.

పొలుసుల మధ్య గీతలకు వెదురు కూడా లావే. అక్కడ కొబ్బరి ఈనె పనికొస్తుంది. పచ్చిది వద్దు, వంగిపోతుంది. చీపురులోంచి ఎండిన ఈనె ఒకటి లాగి, మొన ఏటవాలుగా కోసి, పొడి ముద్దో పేస్టో అద్ది, గీత వెంట ముందుకూ వెనక్కూ నడపండి. పది పొలుసులకు ఒక ఈనె అరిగిపోతుంది. మన దగ్గర ఈనెలకేం కరువు?

నంబరుకొక పుల్ల విడిగా పెట్టుకోండి. నేను పుల్ల చివరకు రంగు దారం చుట్టి పెట్టుకుంటాను, 6 మైక్రాన్‌కు ఎరుపు, 3కి పసుపు, 1కి తెలుపు. ఒకసారి కలిసిపోయిన పుల్లలను కడిగి వాడాలని చూడకండి, పారేయండి.

చిల్లుకు నూలు దారం. దారాన్ని రెండు మేకుల మధ్య బిగువుగా కట్టి, పేస్టు రాసి, రాయిని దాని మీద అటూ ఇటూ లాగండి. రాయిని అన్ని వైపులకూ తిప్పకపోతే చిల్లు ఒక పక్కకు కోసుకుపోతుంది.

అన్ని సందులూ అద్దంలా మెరవాలని పట్టుబట్టకండి. నేను పొలుసుల గీతలను 600 దగ్గరే ఆపేస్తాను. ఒళ్లు మెరిసి గీతలు మసగ్గా ఉంటేనే పొలుసు ఎత్తుగా కనిపిస్తుంది. అయితే ఆపడం వేరు, వదిలేయడం వేరు. మొదటి చేపకు రెక్క కింద సందును నేను అసలు ముట్టుకోలేదు. బర్ గరుకు అలాగే ఉండిపోయింది. మైనం పెట్టాక ఆ గరుకులో మైనం తెల్లగా పేరుకుని, పళ్ల సందులో అన్నం మెతుకులా వెక్కిరించింది.

7. పాలిష్

తోలును చెక్క ముక్కకు గరుకు వైపు పైకి వచ్చేలా అంటించండి. 6 మైక్రాన్ పేస్టు బియ్యపు గింజంత చాలు. ఎక్కువ రాస్తే రేణువులు దొర్లుతాయి తప్ప రాయిని పట్టవు, డబ్బూ దండగ. రెండు చుక్కల నీళ్లు వేసి రుద్దండి. తర్వాత 3 మైక్రాన్. తోలు మార్చాలి, కడగాలి, ఆరబెట్టి చూడాలి.

చివరి మెట్టు రాయిని బట్టి ఉంటుంది.

నెఫ్రైట్ అయితే నాకు క్రోమ్ ఆక్సైడే ఇష్టం. పొడిని నీళ్లతో కాటుకలా కలిపి తోలుకు రాయండి. ఇప్పుడు బలం కావాలి. ఇప్పటిదాకా నొక్కొద్దన్నాను, ఇక్కడ నొక్కి రుద్దండి. మొదట తోలు జారుతూ ఉంటుంది. తడి తగ్గేకొద్దీ రాయిని పట్టి లాగినట్టు అనిపిస్తుంది. మెరుపు పుట్టేది ఆ లాగే క్షణాల్లోనే. పూర్తిగా ఎండకముందే ఒక చుక్క నీళ్లు వేసి మళ్లీ మొదలుపెట్టండి. రాయి చెంపకు ఆనిస్తే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. మోటారుతో చేసేవాళ్లు వేగం బాగా తగ్గించండి, రెక్క లాంటి పల్చని చోట వేడికి పగులు రావచ్చు. కళ్లద్దాలు పెట్టుకోండి.

తెల్ల జేడ్‌కు, సన్న పగుళ్లున్న రాయికి క్రోమ్ ఆక్సైడ్ వద్దు. ఆకుపచ్చ పగుళ్లలోకి దిగితే ఇక రాదు. వాటికీ, జేడైట్‌కూ 1 మైక్రాన్ డైమండ్ పేస్టుతోనే ముగించండి.

8. తేడా వచ్చినప్పుడు

బత్తాయి తొక్క. ఎక్కువమంది పడే బాధ ఇదే. దూరం నుంచి మెరుస్తుంది, దగ్గర్నుంచి చూస్తే బత్తాయి తొక్కలా చిన్న చిన్న గుంటలు. జేడైట్‌లోనూ, గింజలున్న నెఫ్రైట్‌లోనూ వస్తుంది. కొన్ని గింజలు మెత్తగా, కొన్ని గట్టిగా ఉండటం వల్ల మెత్తవి ముందు అరిగిపోతాయి. స్పాంజి, ఫెల్ట్ లాంటి మెత్తటి వాటితో రుద్దితే ఇంకా ఎక్కువవుతుంది. అవి గుంటల్లోకి కూడా దిగి రుద్దుతాయి కదా. మందు ఏమిటంటే 600కు వెనక్కి వెళ్లి, కాగితాన్ని గట్టి చెక్కకే చుట్టి, గుంటలు పోయేదాకా రుద్దండి. తర్వాత పల్చటి గట్టి తోలు, తక్కువ నీళ్లు, ఎక్కువ ఒత్తిడి. అలా చేసినా కొన్ని రాళ్లు మాట వినవు. వాటిని 1200 మసక మెరుపులోనే ఆపేస్తే చూడ్డానికి బాగుంటాయి.

ఒంటరి గీత. చివర్లో ఒకే ఒక్క పొడవాటి గీత కనిపించిందంటే ఏదో ముతక రేణువు కలిసింది. రాయిని తిట్టేముందు తోలును అనుమానించండి. ఆ తోలు పారేసి, గీత పోయే నంబరు దాకా వెనక్కి వెళ్లండి.

అక్కడక్కడ మెరుపు. ఎత్తు చోట్ల మెరుస్తుంది, పల్లంలో లేదు. 220లో ఉపరితలం సమం కాలేదు. మార్కర్ తీయండి.

ఆకుపచ్చ మరక చేతులకైతే రెండు రోజుల్లో పోతుంది. రాయికైతే గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్.

9. మైనం

మన వైపు ప్రతిదానికీ కొబ్బరి నూనె రాయడం అలవాటు. జేడ్‌కు రాయకండి. ఆ పూటకు నిగనిగలాడుతుంది, తర్వాత దుమ్ము పట్టి జిడ్డు కంపు కొడుతుంది.

తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రాయిని అంతకంటే కొంచెం వేడిగా, నిదానంగా చేయాలి. గోరువెచ్చని నీళ్లలో వేసి, క్రమంగా వేడి నీళ్లు కలుపుతూ పోండి. చల్లటి రాయిని మరిగే నీళ్లలో వేస్తే పగలొచ్చు. తీసి, గబగబా తుడిచి, మైనం ముక్కతో ఒళ్లంతా రుద్దండి. వేడి ఉండగానే నూలు గుడ్డతో మిగిలినదంతా తుడిచేయండి. సందుల్లో మిగిలితే శుభ్రమైన ఈనెతో గీకండి. చల్లారాక పాత పంచె ముక్కతో ఐదు నిమిషాలు రుద్దండి.

పని అయ్యాక తోళ్లను గాలికి ఆరబెట్టి, ఒక్కోదాన్ని విడి జిప్ కవర్లో పెట్టి, పైన మైక్రాన్ అంకె రాయండి. తడిగా పెడితే వానాకాలంలో వారం తిరిగేసరికి బూజు పడుతుంది.

లాకెట్‌ను వెంటనే ఎవరికీ ఇవ్వకండి. మర్నాడు పొద్దున, ఎండ ఏటవాలుగా పడే వేళ, ఇంకోసారి కిటికీ దగ్గర చూడండి. మైనం కూడా నీళ్లలాగే సన్న గీతల్ని ఒక పూట దాచగలదు. గీత కనబడిందా, అంట్లు తోమే సబ్బు కలిపిన వేడి నీళ్లతో మైనం కడిగేసి, 600 కాగితం తీయండి.